సరస్సులో అయిదుగురు, మా ఇంట్లో సున్నా

“నేరాన్ని వాసన పట్టగల ముక్కులు ఈ లోకంలో రెండే రెండు పుట్టాయి ఆర్డిస్. ఒకటి కుక్కది. రెండోది నీ ఎదురుగా ఉంది,” అన్నాడు వెండెల్ టోర్కెల్సన్.

ఆ రెండోది అప్పటికి కారుతోంది. బయట చలి అలాంటిది. తుడుచుకోమని గుడ్డ ఇచ్చాను.

వెండెల్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇనప సామాన్ల కొట్లో తాళంచెవులకు నకళ్ళు చేశాడు. రిటైరైన మర్నాడే తనను తాను డిటెక్టివ్‌గా నియమించుకున్నాడు. ఇప్పటికి నాలుగు కేసులు. మొదటి మూడింటిలో దొంగ ఎలుగుబంటి. నాలుగోది చర్చిలో మాయమైన కాఫీ కెటిల్. అది అతని కారు డిక్కీలోనే దొరికింది. గిట్టనివాళ్ళు పన్నిన కుట్ర అని ఇప్పటికీ అంటాడు. మా ఆయన లైల్‌కి చిన్నప్పటి స్నేహితుడు కాబట్టి, లైల్ పోయాక కూడా వారానికి రెండుసార్లు వచ్చి నా వంటింట్లో కూర్చుంటాడు. పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. ఉండమని కూడా ఎప్పుడూ అనలేదు.

“కూర్చో. కాఫీ చల్లారిపోతుంది.”

“ఇది కూర్చునే వ్యవహారం కాదు,” అని కూర్చున్నాడు. దాల్చినచెక్క రొట్టె ఒకటి నోట్లో పెట్టుకుని, కోటు జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. “గుండె దిటవు చేసుకో. నువ్వు లేవు.”

“ఎక్కడ లేను?”

“ఎక్కడా లేవు.”

ఆ కాగితం నాకు కొత్త కాదు. కౌంటీ ఆఫీసులో బ్రిట్టా అనే అమ్మాయి ఉంది. జనాభా లెక్కల్ని ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చూసుకునేలా ఆన్‌లైన్‌లో ఒక పటం తయారు చేసింది. పటం నిండా చిన్న చిన్న గడులు. ఏ గడి మీద నొక్కితే అందులో ఎన్ని ఇళ్ళో, ఎంతమంది మనుషులో, వాళ్ళలో పెద్దవాళ్ళెందరో కనిపిస్తుంది. మా రోడ్డు చివరి గడి మీద నొక్కితే, ‘ఇళ్ళు: ఒకటి. జనం: సున్నా’ అని వస్తోంది. ఆ ఇల్లు నాది. అందులో ఉండేది నేనొక్కదాన్నే. వెండెల్ దాన్ని లైబ్రరీలో ముద్రించుకుని తెచ్చాడు.

నాకు ఎందుకు కొత్త కాదంటే, అంతకు ముందురోజే కౌంటీ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. జనం లేని రోడ్ల మీద ఈ చలికాలం నుంచి మంచు తీయరట. జనం ఎక్కడ లేరో కొత్త పటం చెబుతుందట. జాబితాలో మొదటి పేరు మా రోడ్డుదే. అభ్యంతరాలుంటే గురువారం మీటింగుకి వచ్చి చెప్పుకోమన్నారు.

మా ఇల్లు హైవేకి రెండు మైళ్ళు లోపల ఉంది. మంచు తీయకపోతే గ్యాసు బండి రాదు. అంబులెన్సూ రాదు. ఈ సంగతి దులూత్ పట్నంలో ఉన్న మా ఆడపడుచుకి ఎలా తెలిసిందో, సాయంత్రానికల్లా ఫోన్ చేసింది. “నేలమాళిగలో మంచం వేయించాను వదినా, వచ్చెయ్. కిటికీ కూడా ఉంది. ఆకాశం కనపడదనుకో, పక్కింటివాళ్ళ కాళ్ళు కనపడతాయి.” నలభై రెండేళ్ళుగా నేను గిన్నెలు కడుగుతూ సరస్సు చూస్తున్నాను. ఇప్పుడు పోయి పక్కింటివాళ్ళ కాళ్ళు చూడాలని నాకు లేదు.

“నువ్వు ఆర్డిస్‌వేనని ఏమిటి సాక్ష్యం?” అన్నాడు వెండెల్, నోటుబుక్కు తెరుస్తూ.

“నలభై ఏళ్ళుగా నా చేతి కాఫీ తాగుతున్నావు.”

“నకిలీ ఆర్డిస్ కూడా కాఫీ పెట్టగలదు.”

“అయితే తాగకు.”

కాసేపు ఆలోచించి తాగాడు. “లేదు, నువ్వే. ఇంత పల్చగా ఇంకెవరూ పెట్టరు. అయితే కేసు నేననుకున్నదానికంటే లోతైనది. పక్క గడి చూడు. సరస్సు. ఇళ్ళు సున్నా. జనం అయిదుగురు!” ఇంట్లో ఇద్దరమే ఉన్నా గొంతు తగ్గించాడు. “నీళ్ళల్లో, ఆర్డిస్. అయిదుగురు. నీ గడిలోంచి మాయమైన మనిషి పక్క గడిలో తేలింది. తక్కిన నలుగురూ ఎవరు? ఏ చీకటి హస్తం వాళ్ళను అక్కడికి చేర్చింది?”

“మాయమైన మనిషిని నేనే కదా. ఇక్కడే ఉన్నానుగా.”

“అందుకే చిక్కుముడి బిగుసుకుంటోంది.”

బుధవారం మధ్యాహ్నం నన్ను కూడా వెంటబెట్టుకుని సరస్సు మీదికి నడిచాడు. జనవరిలో మా సరస్సు రెండడుగుల మందాన గడ్డకట్టి ఉంటుంది. దాని మీద లారీలు తిరుగుతాయి. వెండెల్ మాత్రం పది అడుగులకోసారి మోకాళ్ళ మీద కూర్చుని, మంచుకి చెవి ఆనించి వింటున్నాడు. మూడోసారి చెవి అంటుకుపోయింది. నా ఫ్లాస్కులో కాఫీ పోసి ఊడదీశాను.

“ఏమైనా వినిపించిందా?”

“నిశ్శబ్దం. అనుమానించదగ్గ నిశ్శబ్దం.”

సరస్సు నడిమధ్యన చేపలు పట్టుకునే చెక్క గది ఒకటి ఉంది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. వెండెల్ నన్ను చెయ్యెత్తి ఆపి, తలుపు ఒక్క తన్ను తన్నాడు. అది బయటికి తెరుచుకునే తలుపు. కుంటుకుంటూ లాగి తెరిచాడు.

“కదలకు! తక్కిన నలుగురూ ఎక్కడ?”

లోపల ర్యూబెన్ బకెట్ బోర్లించుకుని కూర్చుని, మంచులో తొలిచిన కంతలోకి గాలం వదిలి ఉన్నాడు. మా వైపు మంచు తీసే బండి నడిపేది ఇతనే.

“తలుపు వెయ్యి వెండెల్. వేడి పోతోంది.”

“జనాభా లెక్కల ప్రకారం ఈ సరస్సులో అయిదుగురున్నారు!”

“ఉన్నారేమో. పొద్దుట్నుంచీ ఒక్కడూ గాలానికి పడలేదు.”

వెండెల్ ఆ మాటను నోటుబుక్కులో రాసుకున్నాడు. రాసుకుంటూనే వెనక్కి ఒక అడుగు వేశాడు. ఎడమ కాలు కంతలోకి మోకాలి దాకా దిగింది. ఇద్దరం చెరో చంకా పట్టుకుని లాగితే కాలు వచ్చింది. బూటు రాలేదు.

ర్యూబెన్ అతనికి ఉన్ని చెప్పు ఒకటి ఇచ్చి, నావైపు తిరిగాడు. “ఆర్డిస్, ఇరవై ఏళ్ళుగా మీ రోడ్డు మీద మంచు తీస్తున్నాను. ఇకపైనా తీస్తాను, నాకేం కష్టం లేదు. కానీ బండి కౌంటీవాళ్ళది. వద్దన్న రోడ్డు మీదికి తోలితే ఉద్యోగం ఊడుతుంది.”

“నాకు తెలుసులే ర్యూబెన్.”

“రేపు మాట్లాడండి. గట్టిగా మాట్లాడండి.”

గురువారం కౌంటీ హాలు నిండిపోయింది. గోడ మీద పెద్ద తెర, తెర మీద బ్రిట్టా చేసిన పటం. బోర్డు అధ్యక్షుడు హగ్లుండ్ మైకు ముందు కూర్చున్నాడు. ఆయనకు డెబ్బై ఒక్కేళ్ళు. కొండ మీద పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఖర్చని అంటారు.

నేను లేచి, రోడ్డు సంగతి చెప్పాను. గట్టిగానే చెప్పాను.

“ఆర్డిస్ గారూ, మీరంటే మాకెంతో గౌరవం,” అన్నాడాయన. “కానీ ఈ బోర్డు అంకెల మీద నడుస్తుంది. మీ అంకె సున్నా.”

“మీ ఎదురుగా నిలబడి ఉన్నానండీ.”

“కనిపిస్తున్నారు. పటంలో కనిపించడం లేదు.”

బ్రిట్టా లేచింది. “అధ్యక్షా, ఆ అంకెల గురించే ఒక్క మాట…”

“నీకు రెండు నిమిషాలిచ్చాం కదమ్మా.”

“నేను చెప్పడం పూర్తికాలేదండీ.”

“నిమిషాలు పూర్తయ్యాయి. పటం చాలా బాగుంది. కూర్చో.”

బ్రిట్టా కూర్చుంది. నేనూ కూర్చున్నాను. బోర్డువాళ్ళు ఓటుకి చేతులెత్తబోతున్నారు. నాకు దులూత్ కనిపిస్తోంది, ఆ కిటికీతో సహా.

“ఆగండి!” వెండెల్ లేచాడు. “దోషి ఎక్కడో లేడు! ఈ కౌంటీ నీళ్ళ అడుగున…” అని, సరస్సు చూపించడానికి కంప్యూటరు వైపు దూకాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి ఉన్ని చెప్పు. నున్నటి నేల మీద ఉన్ని చెప్పు తన దారి తను చూసుకుంది. వెండెల్ బల్ల మీద బోర్లా పడ్డాడు. అతని మోచేతి కింద మౌసు నలిగింది. తెర మీద సరస్సు పరిగెత్తింది, అడవి పరిగెత్తింది, కొండ వచ్చి ఆగింది. టిక్కుమంది. ఒక గడి తెరుచుకుంది.

*ఇళ్ళు: ఒకటి. జనం: ఎనిమిది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు: సున్నా.*

హాలంతా చదువుకుంది. “అది హగ్లుండ్ ఇల్లే కదా,” అన్నారెవరో.

వెండెల్ తలెత్తాడు. ఆ మొహం నాకు తెలుసు. ఎలుగుబంటి కేసుల్లో కూడా అదే మొహం.

“హగ్లుండ్! ఆ ఎనిమిదిమంది పిల్లల్నీ ఎక్కడ దాచావు?”

“పిల్లలేమిటయ్యా! నాకు పెళ్ళే కాలేదు!”

“అదే మేమూ అనుకుంటున్నాం,” అన్నాడు ర్యూబెన్ వెనక బెంచీలోంచి.

“మాట మార్చకు!” వెండెల్ బల్ల దిగాడు. “ఆ ఇంట్లో పెద్దవాళ్ళు సున్నా. నువ్వు ఉండేది ఆ ఇంట్లో. కాబట్టి నువ్వు మైనరువి! మైనరు అధ్యక్షత వహించిన మీటింగు చెల్లదు!”

నవ్వులకి కిటికీ అద్దాలు కదిలాయి. హగ్లుండ్ మొహం బీట్‌రూట్ ముక్కలా అయింది. “నాకు డెబ్బై ఒకటి! నేనొక్కణ్ణే ఉంటాను! ఈ పటంలో అంకె తప్పు!” మైకులో అరిచాడు.

మీటింగు వివరాలు రాసే ఆవిడ కలం ఆపింది. “‘అంకె తప్పు’ అని రాసుకోమంటారా, అధ్యక్షా?”

హగ్లుండ్ ఆ మాట వెనక్కి తీసుకుంటే ఎనిమిదిమంది పిల్లలు మిగులుతారు. తీసుకోకపోతే నేను మిగులుతాను. ఆయన చాలాసేపు కలం వైపు చూశాడు.

“నువ్వు ఇందాక ఏదో చెప్పబోయావు కదమ్మా,” అన్నాడు బ్రిట్టాతో.

బ్రిట్టా ఈసారి ఎవరి అనుమతీ అడగలేదు. “ఇళ్ళ లెక్క నిజమండీ. చిన్న గడుల్లో మనుషుల లెక్కను మాత్రం జనాభా లెక్కలవాళ్ళు కావాలనే కాస్త అటూఇటూ కదుపుతారు. కొన్ని తగ్గిస్తారు, కొన్ని పెంచుతారు. పటం కింద రాసే ఉంది. గడులన్నీ కలిపి చూస్తే సరిపోతుంది. ఒక్కో గడినీ నమ్మకూడదు.”

“కావాలని తప్పు రాయడమేమిటి?” అన్నాడు హగ్లుండ్.

“ఈ పటం ఎవరైనా చూడొచ్చు కదండీ. ఫలానా రోడ్డు చివర ఒక ఆడమనిషి ఒక్కతే ఉంటుందని, ముక్కూ మొహం తెలియనివాడెవడో దీన్ని చూసి కనిపెట్టకూడదుగా.” నావైపు తిరిగింది. “మీరు నింపి పంపిన జనాభా లెక్కల కాగితం భద్రంగా ఉంది ఆర్డిస్ గారూ. మీరు లెక్కలో ఉన్నారు.”

మౌసు చక్రం తిప్పింది. గడులు కలిసిపోయాయి. మా ఊళ్ళన్నీ కలిసి ఒకే ముక్క అయ్యాయి. దాని మీద ఒకే అంకె, రెండువందల పన్నెండు.

ఆ కాగితం నింపిన రోజు నాకు గుర్తుంది. ‘ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు’ అన్నచోట ‘ఒకటి’ అని రాయడానికి నాకు అరగంట పట్టింది. అంతకుముందు లెక్కకు లైల్ రాశాడు. అప్పుడు రెండు. నేను అంత కష్టపడి రాసినదాన్ని ఎవరో పోగొట్టారనుకున్నాను. పోగొట్టలేదు, దాచారు.

మనుషుల్ని కాదు, ఇళ్ళను చూసి మంచు తీయాలని బోర్డు తీర్మానించింది. అన్నిటికంటే ఆఖర్న లేచిన చెయ్యి హగ్లుండ్‌ది. ఎవరూ అడక్కుండానే, తన ఇంట్లో పిల్లలు లేరని కూడా వివరాల్లో రాయించుకున్నాడు.

“చూశావా, ఒక్క దెబ్బకి చిక్కుముడి విప్పాను,” అన్నాడు వెండెల్ బయటికి వస్తూ. మోచెయ్యి వాచింది.

“చూశాను.”

శనివారం రాత్రంతా పద్నాలుగు అంగుళాల మంచు కురిసింది. ఆదివారం తెల్లవారేసరికి ర్యూబెన్ బండి మా రోడ్డు మీదికి వచ్చింది. మంచును రెండు పక్కలా రెక్కల్లా విసురుతూ, మా గేటు దాకా వచ్చి తిరిగి, హారన్ మోగించి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర నిలబడి, సరస్సునీ రోడ్డునీ మార్చి మార్చి చూసుకుంటూ, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను.

పది నిమిషాల్లో, శుభ్రంగా మంచు తీసిన ఆ రోడ్డు మీద ఎక్కడా చిక్కుకోకుండా, వెండెల్ కారు వచ్చింది. చంకలో నోటుబుక్కు ఉంది.

“తలుపు తియ్యి ఆర్డిస్! హగ్లుండ్ అబద్ధం చెబుతున్నాడు. కొండ మీద చిన్న చెయ్యి తొడుగు ఒకటి దొరికింది!”

రోడ్డు కోసం అంత పోరాడినదాన్ని, దాని మీద మొదట వచ్చేదెవరో ఒక్కసారైనా ఆలోచించలేదు.