రోగం లేని అత్వెల్లి

ఈ భూమ్మీద రోగమే లేని ఊరు మా అత్వెల్లి. నా గొప్ప కాదు, మేడ్చల్-శామీర్‌పేట ప్రాంతీయ ప్రజారోగ్య ప్రణాళికా మండలి (లాభాపేక్ష లేని సంస్థ, మిగతా అపేక్షల గురించి రాసుకోలేదు) తేల్చిన సంగతి. నేను ప్రతి శనివారం హనుమంతుడికి ఆకుపూజ చేయిస్తాను గానీ, ఇంత ఫలితం ఆశించలేదు.

తేల్చిన పద్ధతి సులువు. ఏ ఊళ్లో ఎంతమంది వైద్యం చేయించుకున్నారో లెక్కపెడతారు. ఎక్కువున్న ఊరికి నర్సును ఇమ్మని సర్కారుకు సిఫారసు చేస్తారు. మా ఊళ్లో నర్సు లేదు కాబట్టి అందరం మేడ్చల్ పోయి చూపించుకుంటాం. అందుకని మేడ్చల్‌కు నలుగురు నర్సులు, మాకు ‘ఆరోగ్య గ్రామం’ షీల్డు.

మా పెద్దమ్మ ఐలమ్మకు షుగరు. రోజూ పొద్దున ఆటోలో మేడ్చల్ పోయి ఇన్సులిన్ సూది వేయించుకుని వస్తుంది. ఆమెను వెంటబెట్టుకుని మండలి కార్యదర్శి జనార్ధన్ గారి దగ్గరికి వెళ్లాను. ఊరికి ఒక నర్సును ఇప్పించమన్నాను.

“మీ ఊళ్లో పేషెంట్లు ఏరండీ?”

“మా పెద్దమ్మ ఉంది కదా సార్.”

“ఆమె మేడ్చల్ పేషెంటు. మీ ఊళ్లో పడుకుంటుంది, అంతే.”

పెద్దమ్మ ముందుకు జరిగింది. “ఏంది సారూ, రోగం గీడ, లెక్క గాడనా? నర్సొస్తే రోగముంటది, రోగముంటే నర్సొస్తదా? మస్తున్నది మీ కథ!”

ఆయన శ్రద్ధగా రాసుకున్నారు: ‘ప్రజాభిప్రాయం సేకరించడమైనది.’

షీల్డు సభ పన్నెండింటికన్నారు, రెండింటికి మొదలైంది. ఊళ్లో పెద్ద వయసు మనిషే అందుకోవాలని పెద్దమ్మను వేదికెక్కించారు. పొద్దున సూది పడింది. భోజనాలు మాత్రం ఉపన్యాసాల తర్వాతే. మూడో వక్త మా ఊరి గాలిని మెచ్చుకుంటుండగా, పెద్దమ్మ షీల్డుతో సహా కూలబడింది.

సూది పడ్డాక తిండి లేక షుగరు పడిపోయిందని, నేను ఆమె నోట్లో చక్కెర వేస్తున్నాను. మండలి కార్యకర్త వర్ష రిజిస్టరు తెరిచింది.

“ఇక్కడ రాయకమ్మా,” అన్నారు జనార్ధన్ గారు నెమ్మదిగా. “ఆటో పొలిమేర దాటనీ.”

పొలిమేర దాటాక పెద్దమ్మ ఆటోలో కళ్లు తెరిచింది. “యాడున్నం బిడ్డా?”

“మేడ్చల్ వచ్చినం పెద్దమ్మా.”

“అయితే ఇగ నాకు రోగమున్నట్టే,” అని షీల్డు ఒళ్లో సర్దుకుంది.

ఆమె పేరు రెండోసారి ఎక్కడంతో, ఇంకో నర్సుకు సరిపడా మేడ్చల్ లెక్క నిండింది. ఆ నెలలోనే మేడ్చల్‌కు ఐదో నర్సు వచ్చింది.