వెనక బెంచీ

సోమవారం మూడో పీరియడులో పరాంకుశం మాస్టారి గొంతు గోడకున్న డిజిటల్ బోర్డులోకి పోయింది. పద్యం మూడో పాదం దాకా మామూలుగానే పాడారు. ఆపైన పెదాలు ఆయనవి, రాగం బోర్డుది. పిల్లలు రాసుకుంటూనే ఉన్నారు. కిందటి నెల హిందీ టీచరు చేతిరాత కూడా ఇట్లాగే పోయింది. ఆమె ఇప్పుడు సంతకానికి బదులు వేలిముద్ర వేస్తోంది.

మాస్టారు ముప్పై ఏళ్లుగా తెలుగు పండితుడు. బోర్డు బిగించిన రోజే దాని మీద పాత పంచె కప్పారు. తనిఖీకి వచ్చినవాళ్లు తీయించారు. ఆయనకొక అలవాటు. ప్రతి పద్యానికీ చివరి పాదం దగ్గర ఆగి, చెవికి చెయ్యి ఆనించి, "వెనక బెంచీ, గట్టిగా" అంటారు. పిల్లలు పూర్తి చేస్తారు. ఆ ఆగడమే తన ఉద్యోగమని, తక్కినదంతా పుస్తకంలోనే ఉందని ఆయన నమ్మకం.

హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరమ్మ స్టాకు రిజిస్టరు తెరిచి, "మగ గొంతు, ఒకటి, మంచి స్థితిలో" అని ఎక్కించింది. మాస్టారు పలక మీద "నా గొంతు నాకు ఇప్పించండి" అని రాసి చూపారు.

"రాస్తే చెల్లదు మాస్టారూ. గొంతు కావాలన్నోళ్లు నోటితోనే అడగాలంట. సర్కులరు అట్టా ఉంది. నన్నేం జెయ్యమంటారు?"

ఆ సాయంత్రం భార్య ఆండాళమ్మ, "పోన్లెండి, ఇన్నాళ్లకి నా మాటకి అడ్డం రారు" అంది. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆయన నోటివంకే చూస్తూ ఉండిపోయింది.

మంగళవారం ఆయన ఎస్తేరమ్మను బోర్డు దగ్గరికి తీసుకుపోయి వేలు పెట్టి చూపారు. నోరు ఇప్పుడు అక్కడుంది గదా, అదే అడుగుతుందని. ఆమెకూ న్యాయమే అనిపించింది. గొంతు స్టాకు సరుకు గనుక దాన్ని నువ్వు అనే పలకరించింది.

"ఏం, మాస్టారితో పోతావా?"

బోర్డు ఆగింది. పద్యం చివర ఆయన ఆగినంతసేపే ఆగింది.

"నాకిక్కడ బాగానే ఉందమ్మా," అంది ఆయన గొంతుతోనే. "ఆయన దగ్గర ముప్పై ఏళ్లు అరిచి అరిచి అరిగిపోయాను."

మాస్టారు కాదనడానికి నోరు తెరిచారు. ఎస్తేరమ్మ మర్యాదగా రెండు నిమిషాలు ఎదురుచూసి, "అభ్యంతరం లేదు" అని రాసుకుంది.

ఆయన సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. హాజరు పడాలంటే తరగతిలో ఉండాలి. ముందు నిలబడితే బోర్డుకు అడ్డం. అందుకని వెనక బెంచీలో చోటిచ్చారు.

బుధవారం బోర్డు కొత్త పద్యం ఎత్తుకుంది. రాగం ఎక్కడా తప్పలేదు. చివరి పాదం దగ్గర ఆగింది. ఆయన చెయ్యి తనంతట తానే చెవిదాకా పోయి, మళ్లీ బెంచీ మీదికి దిగింది. పిల్లలు అందుకున్నారు. ఆయనా పెదాలు కదిపారు.

"వెనక బెంచీ," అంది బోర్డు, "గట్టిగా."

పరాంకుశం మాస్టారు నోరు ఇంకాస్త పెద్దగా తెరిచారు.