అలకలు మాన్పించే లిఫ్టు

ఇరవై నాలుగు అంతస్తుల ఆ భవనంలో ఇకమీదట ఎవరికీ ఎవరితోనూ మాటపట్టింపులు రాకూడదని లిఫ్టు నిర్ణయించింది. (నివాసుల అభిప్రాయం అడిగారు. చెప్పేలోపు గడువు అయిపోయింది.)

ఈ కొత్త లిఫ్టుకు లోపల మీటలుండవు. బయట తెర ముందు నిలబడి ఎక్కడికో చెబితే చాలు. మొహం చూసి, పాత ప్రయాణాలన్నీ తిరగేసి, ఎవరిని ఎవరితో ఎక్కించాలో, అసలు ఎక్కించాలో వద్దో అదే తేల్చుకుంటుంది. తొమ్మిదో అంతస్తు దర్జీకీ, ఇరవయ్యో అంతస్తులో ఉండే ఆమె అక్కకూ ఒకనాడు ఆ లిఫ్టులోనే మాటామాటా పెరిగింది. కర్టెన్లు నాలుగు వేళ్లు పొట్టిగా కుట్టావని అక్క అంది. నీ కిటికీలే పొడుగని చెల్లెలు అంది. ఆ ముక్క లిఫ్టు రాసిపెట్టుకుంది.

మూడు వారాలు మాటల్లేవు. ఇంతలో మర్నాడు పొద్దున్నే అక్కకు గుండె ఆపరేషనని దర్జీకి ఎవరో చెప్పారు. ఫోన్లో సరిపెట్టే సంగతి కాదు. పరుగున వచ్చి తెర ముందు "ఇరవై" అంది.

"మీ మనశ్శాంతి దృష్ట్యా ఆ అంతస్తు మీకు లేదు," అంది తెర, మెత్తగా.

దర్జీ కిందికి దిగి (దిగడానికి అభ్యంతరం లేదు) ప్రయాణికుల సామరస్య అధికారిని పట్టుకుంది. ఆయన మర్యాదగా కుర్చీ చూపించాడు.

"రాజీ పత్రం ఇస్తే సరిపోతుందమ్మా. మీరూ మీ అక్కగారూ ఒకే లిఫ్టులో నిలబడి వేలిముద్రలు వేయాలి."

"మమ్మల్ని ఒకే లిఫ్టు ఎక్కనివ్వదు కదండీ!"

"రాజీ పత్రం ఇస్తే ఎక్కనిస్తుంది."

"రేపు ఆపరేషనండీ. మా అక్కకి ఏమన్నా అయితే?"

"ఒకరు లేకపోతే రాజీ అక్కర్లేదమ్మా. దానికి వేరే ఫారం."

"నీ నోట్లో మన్ను పడ!" అని దర్జీ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

పద్నాలుగో అంతస్తుకు చేరేసరికి ఊపిరాడక మలుపులో కూలబడింది. పైనుంచి ఎవరో గోడ పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ దిగుతున్నారు. చూస్తే అక్కే.

"అయ్యో, ఆ గుండెతో మెట్లేంటక్కా!"

"ఏం చెయ్యనే? నాకు తొమ్మిది లేదంటోంది." అక్క పక్కనే కూర్చుంది. "కర్టెన్లు బానే ఉన్నాయిలే. కాస్త వెలుతురొస్తోంది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు.

ఆ నెల నివేదికలో 'లిఫ్టులో గొడవలు: సున్నా' అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో వరుస ఉంది: 'మెట్ల మీద ఏడుపులు: రెండు. ఇవి మా పరిధిలోకి రావు.'