సజ్జ మీది వారసత్వం

రఘునందన్‌కు మన సంస్కృతి మీద ఈసారి హఠాత్తుగా ప్రేమ పుట్టింది. సరిగ్గా సజ్జ మీది బూజు దులపాల్సిన ఆదివారానికి రెండు రోజుల ముందు పుట్టింది.

బతుకమ్మ పండుగకు ముందు ఇల్లంతా దులపడం ఆ ఇంట్లో ఆనవాయితీ. పాత సామాన్లు పెట్టుకునే సజ్జ అతని వాటా. పోయినేడు నడుము పట్టింది. అంతకు ముందేడు జ్వరమొచ్చింది, థర్మామీటరుకు మాత్రం తెలియలేదు. ఈసారి ఏకంగా ఒక సమితి పెట్టాడు.

"గుట్టల నడక వారసత్వ పరిరక్షణ సమితి" అని బ్యానరు చదివింది భార్య భూలక్ష్మి. "ఏందయ్యా ఇది?"

"మన తాతలు గుట్టలెక్కిన్రు, అడివిల వండుకోని తిన్నరు. గవన్ని మర్చిపోతున్నం. ఎవరో ఒకరు కాపాడాలె గదా!"

"ఆదివారమే కాపాడాల్నా?"

"అవ్. సోమవారం డ్యూటీ ఉన్నది."

"సమితిల ఎంతమందున్నరు?"

"అధ్యక్షుణ్ణి నేను. కార్యదర్శి ఎల్లేశ్."

"మరి సభ్యులు?"

"నడుస్తుంటే వాళ్లే కలుస్తరు."

ఆమె సంచి తెరిచి చూసింది. కొత్త బూట్లు, టోపీ, చేంతాడంత తాడు.

"తాడెందుకు?"

"లోయలుంటయ్."

"ఇబ్రహీంపట్నంల లోయనా!"

అంతకు మించి ఆమె ఒక్క మాట అనలేదు. పదహారేళ్ల కాపురంలో భార్య మాట్లాడకపోతే భయపడాలని రఘునందన్ నేర్చుకోనే లేదు. అసలు సంగతేమిటంటే, గుట్ట కింద బ్యానరు పట్టుకొని ఒక ఫొటో దిగి, స్నేహితుడు ఎల్లేశ్ పొలంలో నాటుకోడి తిని, వేపచెట్టు కింద సాయంత్రందాకా పడుకోవాలి. వారసత్వానికి ఆ మాత్రం చాలనుకున్నాడు.

ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి ఎదురుగా అత్తగారు అనంతమ్మ. ఆమె వెనక బుట్టలు పట్టుకొని పదిమంది ఆడవాళ్లు.

"అల్లుడు గుట్టకు తోలుకపోతడని లక్ష్మి ఫోన్ చేసింది. బతుకమ్మకు గునుగు పూలు, తంగేడు పూలు తెంపుకొస్తం. పా బిడ్డా, ముంగట నడువు!"

అధ్యక్షుడన్నాక నడవక తప్పుతుందా? పావుగంటకే ఆయాసం వచ్చి సంచి భార్య చేతికిచ్చాడు. డెబ్బై ఏళ్ల అనంతమ్మ రబ్బరు చెప్పులతో టకటకా పైకి పోతోంది.

"అత్తమ్మా, గటు గాదు! ఫోన్ల దారి ఇటు చూపిస్తుంది."

"నీ ఫోను ఎన్నడన్న పూలకొచ్చిందా బిడ్డా?"

పౌరుషం పొడుచుకొచ్చింది. ఫోను చూపిన దారినే ఒంటరిగా పోయాడు. ఆ దారి ముళ్లకంపల్లోంచి పోయి ఒక నున్నటి బండ మీద ఆగిపోయింది. పైకి పోలేడు, కిందికి చూడలేడు. కొత్త బూట్లు సర్రున జారుతుంటే బండను రెండు చేతులా కరుచుకున్నాడు.

"లక్ష్మీ!" అని కేకేశాడు. సమితి అధ్యక్షుడు వేయదగిన కేక కాదది.

పైనుంచి తాడు దిగింది. ఆడవాళ్లంతా ఒక చేత్తో నవ్వాపుకొని, ఇంకో చేత్తో లాగారు. ఒడ్డున పడి రొప్పుతుంటే జేబులో ఫోను మోగింది. అది భూలక్ష్మి ఎత్తింది.

"అన్నా! కోడి ఉడికింది, మంచం గూడ ఏసిన," అన్నాడు ఎల్లేశ్. "వదినకు అనుమానం రాలే గదా?"

"రాలే ఎల్లేశ్. పదమూడు మందిమి వస్తున్నం, ఇంకిన్ని బియ్యం పొయ్యి."

తాతల కాలంలో లాగే అందరూ చెట్టు కింద కూర్చొని తిన్నారు. రఘునందన్ వంతు వచ్చేసరికి కోడి అయిపోయి పులుసు మిగిలింది. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

"మంచి పని చేసినవ్ అల్లుడా, సంస్కృతి నిలబెట్టినవ్," అంది అనంతమ్మ చెయ్యి కడుక్కుంటూ. "ఇగ సగమే మిగిలింది. ఆడోళ్లు పూలకు పోయిన్నాడు మొగోళ్లు ఇల్లు దులుపుడు మా దిక్కు ఆచారం."

"గిదెప్పటి ఆచారం అత్తమ్మా? నేనెన్నడు వినలే!"

"మీ మామనడుగు."

కుంటుకుంటూ ఇల్లు చేరాడు. సజ్జ కింద నిచ్చెన వేసి ఉంది. దాని పక్కన మామ అంజిలయ్య తలకు తువ్వాల చుట్టుకొని స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో రెండు చీపుర్లు.

"వచ్చినవా అల్లుడా?" అన్నాడు ఆయన, కళ్లు చెమ్మగిల్లగా. "నలభై ఏండ్ల కింద నేను గూడ గుట్ట మీద భజన సంఘమే పెట్టిన."

ఒక చీపురు అల్లుడి చేతిలో పెట్టాడు.