జున్ను వెనక కాలికి గ్యారంటీ

పుట్టిన ప్రతి ప్రాణికీ ఏదో ఒకనాడు ఏదో ఒకటి అవుతుందన్నది మానవజాతి ముందున్న అతి పెద్ద సమస్య. వైద్యశాస్త్రం దీని మీద చాలాకాలం కుస్తీపట్టి చేతులెత్తేసింది. మతాలు విషయాన్ని పైలోకానికి వాయిదా వేశాయి. చివరికి ఈ సమస్య విజయవాడ ఆటోనగర్‌లో పరిష్కారమైంది. అక్కడ క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు అమ్ముకునే దేవేంద్ర వ్యాపారాన్ని విస్తరించి, కొట్టు వెనకాల రేకుల షెడ్డులో కుక్కపిల్లల్ని కూడా అమ్మడం మొదలుపెట్టాడు. వాటి ఆరోగ్యానికి ఏకంగా గ్యారంటీ కార్డే అచ్చు వేయించాడు.

ఆ కార్డు మొదట బ్యాటరీలది. ‘బ్యాటరీ’ అని ఉన్నచోటల్లా ‘పప్పీ’ అని మార్పించాడు. (పప్పీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్లు పోయరాదన్న షరతు అలాగే ఉంది.) కార్డు ప్రకారం ముందుకాళ్లకి ఏడాది గ్యారంటీ, వెనక కాళ్లకి ఆరు నెలలు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "లోడంతా వెనకే కదండీ పడేది!" అనేవాడు. చెవులు, తోక రబ్బరు సామాను కిందకి వస్తాయి కాబట్టి వాటి బాధ్యత కంపెనీది కాదు.

ఈ కార్డు చూసి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఊరట పొందిన మనిషి మల్లీశ్వరి.

మల్లీశ్వరి భర్త హరిబాబుకి వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టు ఉంది. ఆవిడ పదో తరగతితో చదువు ఆపేసి, ఆనాటి నుంచీ భయపడే పని పెట్టుకుంది. కుక్కర్ విజిల్ వేయకపోతే పేలుతుందని భయం, వేస్తే ఇంక పేలడమే తరువాయి అని భయం. కూతురు చిన్ని స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే బ్యారేజీ మీద గేట్లన్నీ ఒక్కొక్కటే కళ్లముందు తెరుచుకునేవి. పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిడకి "ఏం కాదు" అని కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చిన మొట్టమొదటి మగవాడు దేవేంద్ర.

కుక్కపిల్లని కొన్నది చిన్ని కోసం. తొమ్మిదో తరగతి పిల్ల, ఫోన్‌లోంచి తల ఎత్తడం లేదు, ఇంట్లో ఓ కుక్కపిల్ల ఉంటే మారుతుందని స్కూల్లో చెప్పారు. చిన్ని తల ఎత్తింది. కుక్కపిల్లని నాలుగు వైపులనుంచీ ఫొటోలు తీసింది, ఫోన్‌లో పెట్టింది, వాటిని ఎంతమంది చూశారో చూసుకోవడానికి మళ్లీ తల దించింది. దాంతో ఆ కుక్కపిల్ల మల్లీశ్వరి వాటాకి వచ్చింది. తెలుపూ కాక పసుపూ కాక, అప్పుడే ఆవిరి మీంచి దించినట్టున్న ఆ లాబ్రడార్ పిల్లకి జున్ను అని పేరు పెట్టింది. మగపిల్ల. వాడు నిద్రపోతుంటే పొట్ట మీద చెయ్యివేసి, ఊపిరి ఉందో లేదో చూసుకునేది. (చిన్ని పసిగుడ్డుగా ఉన్నప్పుడూ ఇంతే. చిన్ని నిద్రలేచి ఏడ్చేది. జున్ను నిద్రలేచి చెయ్యి నాకేవాడు. ఇద్దరిలో ఎవరికి విశ్వాసమెక్కువో ఆవిడ ఏనాడూ పైకి అనలేదు.)

అలాంటి జున్ను ఒక పొద్దున వెనక ఎడమకాలు ఈడ్చడం మొదలుపెట్టాడు.

ఆవిడ వెంటనే ఆటోనగర్‌కి ఫోన్ చేసింది.

"దేవేంద్ర గారూ, నేనండీ, జున్ను వాళ్లమ్మని."

"ఏ జున్నండీ? ఇది పార్టుల కొట్టు."

"మీ దగ్గర కొన్న కుక్కపిల్ల బాబూ! వెనక కాలు ఈడుస్తున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడటంలేదు."

"కాలు ఆడనిది వాడికా, మీకా? సరిగ్గా చెప్పండమ్మా, రాసుకోవాలి."

"వాడికే బాబూ. నిన్నే అన్నాను, ఎంత ముద్దుగా నడుస్తున్నాడో నా తండ్రి అని. పాపిష్టి నోరు. నా దిష్టే తగిలిందేమో!"

అవతల ఫోన్‌లో ఏదో నొక్కిన చప్పుడైంది.

"అమ్మా, సిగ్నల్ సరిగ్గా లేదు. ఆ చివరి ముక్క ఇంకోసారి గట్టిగా చెప్పండి."

ఆవిడ గట్టిగా చెప్పింది. ఇంటిపేరుతో కలిపి చెప్పమంటే అలాగే చెప్పింది. ఇంత శ్రద్ధగా వినే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడని అనుకుంది కూడా.

తర్వాత పశువైద్యురాలు డయానా గారికి చూపించింది. ఆవిడ ఎక్స్‌రే తీసి, "పుట్టుకతోనే తుంటి కీలు సరిగ్గా కుదరలేదమ్మా. తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపం. ప్రాణానికేం కాదు. ఆపరేషన్ చేసి, కొన్నాళ్లు ఎక్సర్‌సైజులు చేయిస్తే నడుస్తాడు. నాన్చితే మాత్రం కష్టం" అంది. ఇంతసేపు చెప్పినదాంట్లో మల్లీశ్వరికి ‘ప్రాణం’ అన్న ఒక్క మాటే వినిపించింది. మిగతాది హరిబాబు ఇంటికెళ్లేదాకా చెప్పుకుంటూ వచ్చాడు.

ఆవిడ కోరింది ఒక్కటే. గ్యారంటీ ఉంది కాబట్టి, దేవేంద్ర ఆ కాలు బాగుచేయించాలి.

ఆవిడ కొట్టుకి వెళ్లి కార్డు ఇస్తే, దేవేంద్ర దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండు అభ్యంతరాలున్నాయమ్మా. మొదటిది, మీరు బయట మెకానిక్‌కి చూపించారు. సీలు పోయింది."

"మెకానిక్ ఏంటి బాబూ, డాక్టరు గారు! సీలు ఎక్కడుంటుంది వాడికి?"

"ఎక్కడుందో మీరు చూడలేదంటే, ఆవిడ ముందే తీసేసి ఉంటుంది. రెండోది, ఈ కాలు మీ దిష్టి వల్ల పోయిందని మీరే ఒప్పుకున్నారు. వాడేవాళ్ల తప్పుకి గ్యారంటీ ఉండదు." ఫోన్ తీసి, నొక్కి వినిపించాడు. తన గొంతు అంత భయంగా ఉంటుందని మల్లీశ్వరికి అప్పటిదాకా తెలియదు.

ఇంటికొచ్చి చెబితే హరిబాబు వ్యాపారస్తుడి పక్షం వహించాడు. "అతను అన్నదాంట్లో తప్పేముందే? రంగు దిగిందని చీర వెనక్కి తెస్తే మనం మాత్రం తీసుకుంటున్నామా? ఎండలో ఆరేశారా అని అడుగుతాం. ఆరేశామంటారు. అయిపోయింది."

"మీ చీర రాత్రిళ్లు మూలుగుతుందా అండీ?"



ఇలాంటి అభాగ్యుల కోసమే ‘జీవవస్తు విక్రయానంతర సంతృప్తి వేదిక’ అనే సంస్థ ఉంది. దానికో యాప్ ఉంది. ఫిర్యాదుదారు సంతృప్తిగా ఉన్నారా అని అది ముందే అడుగుతుంది. లేదంటే ముందుకు పోనివ్వదు. మల్లీశ్వరి సంతృప్తిగా ఉన్నానని నొక్కి, అసంతృప్తి వివరాలు రాసింది. "దిష్టి కాదు, పుట్టుకతో వచ్చిన లోపం" అని ఆవిడ రాస్తే, అంత నాటు మాట యాప్‌కి నచ్చక ‘దిష్టి’ని ‘దృష్టి’గా దిద్ది, కాదన్న మాట ఎక్కువైందని తీసేసి, "దృష్టి లోపం, పుట్టుకతో" అని నమోదు చేసుకుంది.

మర్నాడు జవాబు వచ్చింది. "మీ జున్ను మా దృష్టికి వచ్చాడు. ఇకనుంచి మా అధికారులందరి ప్రత్యేక దృష్టి అతనిపై ఉంటుంది."

మల్లీశ్వరి దాన్ని రెండుసార్లు చదివింది. ఒక్క తన కళ్లు పడితేనే కాలు పోయిందన్నారు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఆఫీసర్లు, ఎంతమందో, ఎలాంటి కళ్లో, అందరూ కలిసి ప్రత్యేకంగా చూస్తున్నారట! ఆవిడ పరుగున వంటింట్లోకి వెళ్లి, గుప్పెడు ఎండుమిరపకాయలు, కళ్లుప్పు తెచ్చి, జున్ను చుట్టూ తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆఫీసు దిష్టి" అంటూ నిప్పుల్లో పోసింది.

హరిబాబు లుంగీతో ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తాడు. "చంపుతావా ఏంటే!" అని దగ్గి, దగ్గి, అరుగు పట్టుకుని వంగిపోయాడు. ఎదురింటావిడ మంచినీళ్లు తెచ్చింది.

విచారణ గుణదలలో, ఒక మేడ మీద. విచారించేవారు రామకోటేశ్వరరావు గారు, అదనపు సహాయ సంతృప్తి అధికారి (నాలుగు కాళ్లు). రెండు కాళ్ల విభాగం, అంటే కోళ్లది, పక్క గది. అక్కడినుంచి అప్పుడప్పుడు వాదనలు వినిపిస్తున్నాయి.

ఆయన ఫైలు చూసి, "దృష్టి లోపం" అని చదివి, డ్రాయరులోంచి బిస్కెట్టు తీసి అటూ ఇటూ ఆడించాడు. మల్లీశ్వరి ఒళ్లో ఉన్న జున్ను కళ్లు బిస్కెట్టుతోపాటే అటూ ఇటూ తిరిగాయి.

"చూపు బ్రహ్మాండంగా ఉందమ్మా. కేసు కొట్టేస్తున్నాను."

"అయ్యా! కళ్లు కాదండీ, కాలు! నేను రాసింది దిష్టండీ!"

"దిష్టి, దృష్టి ఒకటే కదా?"

"ఒకటెలా అవుతాయండీ? దృష్టి ఉంటే మంచిది, దిష్టి ఉంటే చెడ్డది!"

రామకోటేశ్వరరావు గారు పెన్ను మూత పెట్టి, ఈ నిర్వచనాన్ని మెచ్చుకుని, కేసుని కాలు మీదకి మార్చారు. దేవేంద్ర వెంటనే ఫోన్ తీసి ఆవిడ గొంతు వినిపించాడు. దిష్టి తనదేనని ఆవిడ ఇంటిపేరుతో సహా చెబుతోంది. మల్లీశ్వరి చెమట తుడుచుకుంది. అప్పుడు ఆవిడకి వంటిల్లు గుర్తొచ్చింది.

"దిష్టి లేదండీ. రుజువుంది. మిరపకాయలు కాల్చానండీ. దిష్టి తగిలి ఉంటే ఎన్ని కాల్చినా ఘాటు రాదు గదండీ. ఘాటొచ్చింది. మా ఆయన దగ్గారు."

అధికారి ఫైలు తిప్పడం ఆపారు. పక్కగదిలో కోళ్లు కూడా ఆగాయి.

"సాక్షిని పిలవండి" అన్నారు అధికారి.

హరిబాబు నిలబడ్డాడు.

"దగ్గారా?"

"దగ్గానండీ."

"మామూలుగానా, గట్టిగానా?"

"కళ్లనీళ్లు కారాయండీ."

"అంతకుముందు జలుబు గానీ, సిగరెట్టు గానీ?"

"సిగరెట్టు..." అని భార్య వంక చూసి, "ఎప్పుడో మానేశానండీ" అన్నాడు.

"ఒకసారి దగ్గి చూపించండి." హరిబాబు దగ్గాడు. అధికారి దాన్ని ‘పొడి దగ్గు, నమ్మదగినది’ అని రాసుకున్నారు.

దేవేంద్ర లేచాడు. "అభ్యంతరమండీ! అవి గుంటూరు కాయలై ఉంటాయి. దిష్టి ఉన్నా, లేకపోయినా ఘాటొస్తుంది."

"గుంటూరువి కావు బాబూ" అంది మల్లీశ్వరి. "మా చిన్నికి కడుపులో పుండు పడుతుందేమోనని నేను ఇంట్లోకి కారం లేని రకమే తెప్పిస్తాను. కూరకి రంగు తప్ప ఏమీ రాదు."

దేవేంద్ర కూర్చున్నాడు. కారం లేని మిరపకాయలకే మనిషి వీధిలో పడ్డాడంటే దిష్టి లేనే లేదు. దిష్టి లేదంటే లోపం పుట్టుకతో వచ్చిందే. గ్యారంటీ వర్తిస్తుంది. (డయానా గారి ఎక్స్‌రే ఫైల్లోనే ఉంది. అది ఇంగ్లీషులో ఉండటం వల్ల దాని జోలికి ఎవరూ పోలేదు.) మల్లీశ్వరి ఏడ్చింది. జీవితంలో మొదటిసారి, జరగబోయేదానికి కాక జరిగినదానికి ఏడ్చింది.

రామకోటేశ్వరరావు గారు తీర్పు చదివారు. "లోపమున్న పప్పీని అమ్మకందారు వెనక్కి తీసుకుని, అదే రకం కొత్త పప్పీని ఇవ్వాలి."

"మార్చడం ఎందుకండీ? కాలు బాగుచేయిస్తే చాలండీ" అంది మల్లీశ్వరి.

"బాగుచేయడం మా పరిధిలోకి రాదమ్మా. మార్చడమే."

దేవేంద్ర మొహం వెలిగింది. "రేపే ఇచ్చేస్తానమ్మా. సేమ్ కలర్. కొత్త కార్డు కూడా."

"మరి వీణ్ణి?"

"పాతది జమ చేసుకుంటాం."

"చేసుకుని?"

దేవేంద్ర అధికారి వంక చూశాడు. అధికారి ఫ్యాను వంక చూశారు. "ఆటోనగర్లో తీసేసిన సామాను ఏమవుతుందో మీకు తెలియందేముందమ్మా" అన్నాడు దేవేంద్ర, కాస్త మెల్లగా.

ఇన్నేళ్లూ జరగనివన్నీ కళ్లముందు చూసుకుంటూ బతికిన మల్లీశ్వరికి ఈసారి ఊహించుకునే శ్రమ లేకపోయింది. జున్నుని చీర కొంగులో చుట్టేసింది. "నాకు కొత్తదొద్దు. ఫిర్యాదే వద్దు. మేం వెళ్లిపోతామండీ."

"గెలిచాక వద్దనడానికి లేదమ్మా" అన్నారు అధికారి, నిజంగానే బాధపడుతూ. "లోపమున్న సరుకుని మీ దగ్గర ఉంచడానికి వేదిక ఒప్పుకోదు. మీ క్షేమం కోసమే. లోపమే లేదని మీరు రాసిస్తే తప్ప."

ఆవిడ కాగితం అడిగింది. బడి మానేశాక ఇంత పెద్ద వ్యాసం రాయలేదు. "మా జున్నుకి ఏ లోపమూ లేదు. బాగా నడుస్తాడు, పరిగెడతాడు, మెట్లు కూడా ఎక్కుతాడు. నా భయం కొద్దీ తప్పుగా చెప్పాను. దేవేంద్ర గారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు."

"దానిమీద సంతకం పెట్టావంటే ఇంక ఎక్కడా అడగడానికి ఉండదే" అన్నాడు హరిబాబు.

"జరగండి. వెలుతురుకి అడ్డొస్తున్నారు."

ఆయన జరిగాడు. సంతకం అయ్యాక, ఎవరూ చెప్పకుండానే వంగి, జున్నుని ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. మెట్లు చాలా ఉన్నాయి.

ఆపరేషన్ వాళ్లే చేయించుకున్నారు. ఆలస్యమైంది కాబట్టి కాలు పూర్తిగా బాగవకపోవచ్చని డయానా గారు ముందే చెప్పింది. కాలికి ఎక్సర్‌సైజుల కోసం మల్లీశ్వరి రోజూ జున్నుని ఆటోలో తీసుకెళుతుంది. దారిలో దేవేంద్ర కొత్త బోర్డు ఒకటి ఉంది. ఆవిడ రాసిచ్చిన మాటలు పెద్ద అక్షరాల్లో వేయించి, వాటి పక్కన జున్ను బొమ్మ పెట్టించాడు. బొమ్మ చాలా అందంగా వచ్చింది. ముందు రెండు కాళ్ల వరకే తీశారు.