దద్దుర్లు రాని చేయి

గురువారం ఉదయం ఏడుగంటల ఇరవై నిమిషాలకు నా ఎడమ ముంజేతికి పచ్చి ఉరుషి రాసుకున్నాను. జపాన్‌లోని మా కిసో లోయలో చెక్క గిన్నెలకు మెరుపు కోసం పూసే చెట్టుపాలు అది. కొత్తవాళ్లకు తగిలితే రెండు రోజుల్లో చర్మం ఉబ్బి నీరు కారుతుంది. నాకు కావలసింది అదే.

ఆదివారం ఉదయం ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా వీధి కాలువ శుభ్రం చేయాలి. ఇంటికొకరు తప్పదు. అదే రోజు ఎనిమిదింటికి మా ఊరి హైస్కూలు బేస్‌బాల్ జట్టు నలభై ఏళ్లలో మొదటిసారి టీవీలో ఆడుతుంది. నాకు దద్దుర్లు వస్తే కాలువకు మా ఆవిడ ఫుమియె వెళుతుంది.

శనివారానికి చేయి నున్నగా ఉంది. డాక్టర్ ఇగరాషి దగ్గరకు వెళ్లాను.

"దద్దుర్లు కావాలి డాక్టరుగారూ."

"జనం తగ్గించమని వస్తారయ్యా."

"నాకు తెప్పించండి."

ఆయన భూతద్దం పెట్టి చూశారు. "ముప్పై ఒక్కేళ్లుగా పూస్తున్నావు. ఉరుషి తగిలితే గోల చేయాల్సిన కణాలు నీ చర్మంలో దానికి అలవాటు పడిపోయాయి. ఇల్లరికపు అల్లుడొచ్చినట్టే. లేచి కూడా నిలబడవు."

"ఇంకాస్త రాస్తే?"

"గిన్నెలా మెరుస్తావు. పెళ్లయిన కొత్తలో మీ ఆవిడకు దద్దుర్లు వచ్చాయి కదా? ఆమె కణాలు మరచిపోయే రకం కాదు. పిసరంత తగిలినా ఎగబడతాయి. ఇంతకీ చేయి దేంతో తుడుచుకున్నావు?"

తువాలుతో. దాన్ని ఉతికే బట్టల బుట్టలో వేశాను. బట్టలు ఉతికేది ఫుమియె.

పరుగున ఇంటికి వచ్చాను. ఆమె కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు ఉంది.

"ఏమిటది?"

"దద్దుర్లండీ. ఇన్నేళ్ల తర్వాత! ఎక్కడ తగిలిందో ఏమో."

"దురదగా ఉందా?"

"మీరు వంట చేస్తే తగ్గేలా ఉంది."

చేశాను. గిన్నెలు తోమాను. ఆమె వీపు కూడా రుద్దాను.

ఆదివారం ఆరింటికి పేటపెద్ద ఈల ఊదాడు. అతణ్ణి అందరం ఈలతాత అంటాం. మోకాలి లోతు బురదలో దిగాను. ఎనిమిదిన్నరకు మా కిటికీ తెరుచుకుంది.

"ఏవండీ! మనవాళ్లు మూడు పరుగులు తీశారు!" ఫుమియె రెండు చేతులూ ఊపింది.

"చేయి జాగ్రత్త!" అని అరిచాను.

"నువ్వు పార జాగ్రత్త," అన్నాడు ఈలతాత.

పన్నెండింటికి ఇంటికి వచ్చి, బురద బట్టలు వేయడానికి బుట్ట తెరిచాను. అడుగున మూతి ముడేసిన ప్లాస్టిక్ సంచి ఉంది. లోపల నా తువాలు. సంచి మీద ఫుమియె చేతిరాత:

"గురువారం, ఉదయం 7.20. ముట్టుకోలేదు. పటకారుతో తీశాను."