రాతి రుచి

ప్రకాశం జిల్లా మెట్ట పొలాల్లో ఇకమీదట పత్తి, మిరప కాదు, తెల్ల వైను పండుతుందని మంత్రి చెంచురామయ్యగారు ఒంగోలులో ప్రకటించారు. పన్నెండు రోజులు ఫ్రాన్సు చూసొచ్చిన మనిషికి మధ్యలో ద్రాక్ష సంగతి గుర్తుకు రాకపోవడం సహజమే.

పైలట్ ప్రాజెక్టు భాగ్యం రాళ్లగుంటపాలేనికి దక్కింది. ఆ ఊరి సర్పంచ్ పున్నమ్మ మూడెకరాల పంచాయతీ భూమిని మారుమాట లేకుండా ఇచ్చేసింది. ఆమెకు ద్రాక్ష మీద ప్రేమేమీ లేదు. ఊరి బోరు నీళ్ల నిండా ఫ్లోరైడు. పదేళ్ల పిల్లల పళ్లు గారపట్టాయి, నలభై ఏళ్లకే మోకాళ్లు వంగిపోతున్నాయి. సాగర్ కాలువ నుంచి మంచినీళ్ల పైపు వేయమని ఆమె పెట్టిన ఫైలు నాలుగేళ్లుగా ఆఫీసులు తిరుగుతోంది. వైను విందు రోజున వేదిక మీదే సంతకం పెడతానని మంత్రిగారు మాటిచ్చారు. నాలుగేళ్లు తిరిగినవాళ్లు దేన్నయినా నమ్ముతారు.

తీగ నాటిన ఐదో నెలకే విందు పెట్టారు. తీగలు ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు. హార్టికల్చర్ ఆఫీసరు ప్రేమదాసు దూరదృష్టి గలవాడు కనుక మహారాష్ట్ర నుంచి ఆరు సీసాలు తెప్పించాడు. లేబుళ్లు నానబెట్టి పీకి, మంత్రిగారి బొమ్మ అంటించాడు. పిలిచింది పాతికమందిని. వచ్చింది నూట పదిమంది. పార్టీ క్రమశిక్షణ అలాంటిది.

“సర్పంచ్ గారూ, నా ఉద్యోగం పోయిందండీ! ఉన్నయ్యి ఆరే సీసాలు!” అన్నాడు ప్రేమదాసు చెమటలు కక్కుతూ.

“ఎందుకయ్యా అంత బెంగ? బంతిలో జనం పెరిగితే మజ్జిగలో నాలుగు చెంబుల నీళ్లు పొయ్యమూ?” అంది పున్నమ్మ. నలభై పెళ్లిళ్లలో వడ్డించిన చెయ్యి ఆమెది. పైగా సంతకం కావాల్సిన రోజు. ఏ గ్లాసూ ఖాళీగా ఉండకూడదు. సీసాలన్నీ గంగాళంలో వంచి, బిందెడు బోరు నీళ్లు పోసి, గరిటెతో కలియతిప్పింది.

ఫ్రాన్సు నుంచి వచ్చిన వైను నిపుణుడు గ్లాసెత్తి వెలుతురులో చూశాడు. వాసన పీల్చాడు. గుక్కెడు పుక్కిలించి కళ్లు మూసుకున్నాడు.

“మినరల్!” అన్నాడు దొర ఇంగ్లీషులో. “ఎంత తేట! ఎంత చురుకు! రాతిని నాకినట్టుంది. ఇది ద్రాక్ష గొప్ప కాదు, ఈ ఊరి నీటి గొప్ప. మా దేశంలో కూడా లేదు.”

మంత్రిగారు దాన్ని తెలుగులో మైకులో చెప్పారు. చప్పట్లు మోగాయి. వెంటనే ఫైలు తెమ్మన్నారు. పున్నమ్మకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. మంత్రిగారు సంతకం పెట్టి, రాసింది పైకి చదివారు.

“ఈ గ్రామపు నీటి రుచి జాతి సంపద. కాలువ నీళ్లు తెచ్చి దాన్ని చెడగొట్టరాదు. ఫైలు మూసివేయడమైనది.”

మళ్లీ చప్పట్లు. గంగాళంలో నీళ్లు పోసిన తన చెయ్యి నరుక్కోవాలనిపించింది పున్నమ్మకు.

తెల్ల వైనుకు చేపే సరిజోడని మంత్రిగారు ఫ్రాన్సులో నేర్చుకొచ్చారు. అందుకని కొత్తపట్నం వంజరాన్ని వంటమనిషి ఖుర్షిదా గుంటూరు కారం దట్టించి వేయించింది. మొదటి ముక్కకు దొర వహ్వా అన్నాడు. రెండో ముక్కకు ముఖం కందగడ్డయిపోయి “వాటర్, వాటర్!” అని కేకలు పెట్టాడు. పక్కనే ఉన్న పున్నమ్మ చెంబుతో బోరు నీళ్లు అందించింది.

చెంబు పెదాలకు ఆనక ముందే మంత్రిగారు కుర్చీలోంచి ఒక్క దూకు దూకి లాగేసుకున్నారు.

“అయ్యయ్యో, ఆ నీళ్లు తాగకండి సార్! పళ్లూ ఎముకలూ పోతాయి!”

కంగారులో తెలుగే వచ్చింది. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఊరంతా విన్నది. మంత్రిగారు తన సీలు వేసిన నీళ్ల సీసా తెరిచి దొరకు తాగించారు.

పున్నమ్మ ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టింది.

“ఇప్పుడన్నారే, ఆ మాట కూడా దీని మీద రాయండి బాబూ.”

మంత్రిగారు జేబులు తడుముకున్నారు. ఇందాక సంతకం పెట్టిన పెన్ను కారులో ఉండిపోయిందన్నారు. ఇంకొకరిని పంపడం ఎందుకని, తేవడానికి తనే స్వయంగా బయల్దేరారు. దొరను కూడా వెంటబెట్టుకెళ్లారు.